నలభై ఒకటో జాయింటు

శ్రీరాములు ఇంట్లో దేవుడి పటాల కింద ఒక రేకు పెట్టె ఉండేది. అందులో నగలు లేవు, దస్తావేజులు లేవు. ఎక్స్‌రే ఫిల్ములు ఉన్నాయి. మనుషుల ఎముకలవి కావు, ఇనప గొట్టాల అతుకులవి. ఢిల్లీ పక్కన వైశాలిలోని ఆ రెండు గదుల అద్దె ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా సరే, టీ చల్లారేలోపు ఆయన ఒక ఫిల్ము బయటికి తీసి కిటికీ వెలుతురుకి పట్టుకునేవాడు.

"సూడండి. ఎక్కడన్నా సుక్క కనబడతాదేటి? బుడగ గానీ, గీత గానీ?"

వచ్చినవాళ్ళు కళ్ళు చిట్లించి చూసి, ఏమీ కనబడటం లేదని ఒప్పుకునేవాళ్ళు. అలా కనబడకపోవడమే గొప్పని అప్పుడాయన చెప్పేవాడు. లోపల గాలి చేరిన అతుకు ఫిల్ములో మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఆయన అతుకు మాత్రం కడిగిన పలకలా ఉంటుంది. పక్కనే గొట్టం మీద ఉక్కు అచ్చుతో కొట్టిన ఆయన నంబరు డబ్ల్యు-17. పద్దెనిమిదేళ్ళలో ఆయన వేసిన, గుజరాత్ నుంచి గాజియాబాద్ దాకా భూమి కింద గ్యాసు మోస్తున్న ఎన్నో అతుకుల పక్కన ఆ నంబరుంది.

ఆయనది టెక్కలి దగ్గర పల్లె. పదహారో ఏట విశాఖపట్నం వచ్చి ఒక వెల్డింగు షాపులో చేరాడు. చేరిన రెండో ఏడే గ్రైండరు కుడిచేతి చూపుడు వేలి చివరి కణుపు పట్టుకుపోయింది. వేలు పోయినా పని మానలేదు. పైగా, మిగిలిన మూడున్నర వేళ్ళకీ బొటనవేలికీ కళ్ళున్నాయని అందరూ అనేవాళ్ళు. గొట్టం అంచు సానపట్టాక ఆయన గ్లవుజు తీసి, ఒట్టి అరచేత్తో ఒక్కసారి నిమిరేవాడు. గుర్రాన్ని నిమిరినట్టు. నిమిరితే చాలు, అంచు ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో చెప్పేసేవాడు. కొలబద్ద తెచ్చి చూస్తే సరిగ్గా అంతే ఉండేది.

అలాంటివాడికి ప్లాస్టిక్ గొట్టంతో పని పడింది.

రెండువేల అయిదు, ఆరు ప్రాంతంలో ఇందిరాపురం అపార్టుమెంట్ల వంటిళ్ళకి గొట్టాల్లో గ్యాసు ఇచ్చే పని మొదలైంది. ఊరి పొలిమేర దాకా వచ్చే పెద్ద లైను ఇనుమే. కాలనీల్లోకి తిరిగేవి మాత్రం పసుపుపచ్చ ప్లాస్టిక్ గొట్టాలు. తుప్పు పట్టవు, వంగుతాయి, భూమి కదిలినా ఓర్చుకుంటాయి. చుట్టలు చుట్టుకుని లారీలో వచ్చిన ఆ గొట్టాన్ని మొదటిసారి చూసినప్పుడు శ్రీరాములు నవ్వాడు. "ఇదేటి, తోటకి నీళ్ళు పెట్టడానికా?" అన్నాడు. నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఏడాది తిరిగేసరికి ఇనుము పని అడుగంటిపోయింది. కాంట్రాక్టు కంపెనీవాళ్ళు ఆయన అనుభవాన్ని గౌరవించి, ఆరు రోజుల క్లాసు చెప్పించి, ప్లాస్టిక్ జాయింట్ల మీద క్వాలిటీ సూపర్‌వైజర్ని చేశారు.

ఆ క్లాసులో ఫస్టు వచ్చినవాడి పేరు నోయల్.

నోయల్‌కి ముప్ఫై దాటి ఏడాదో రెండేళ్ళో. నరసాపురం వాడు. భార్య స్తుతి వైశాలిలోనే ఒక ఆసుపత్రిలో నర్సు. మనిషి సన్నం, మాట మెత్తన. వెల్డింగు టార్చి ఎప్పుడూ పట్టుకోలేదు. నిప్పురవ్వ పడి చొక్కా కాలడమంటే ఏమిటో తెలియదు. అతని పనిలో నిప్పే లేదు మరి. గొట్టం పైపొరను గీకుడు కత్తితో ఉల్లిపొరంత మందాన గీకుతాడు. స్పిరిటు గుడ్డతో తుడుస్తాడు. లోపల కరెంటు తీగ చుట్టిన కప్లరు తొడుగు తెచ్చి రెండు గొట్టాల కొసల్నీ అందులోకి దూరుస్తాడు. కదలకుండా బిగించి, మెషీను తీగలు తగిలించి మీట నొక్కుతాడు. లోపల ప్లాస్టిక్ కరిగి ఒకటైపోతుంది. తరువాత చల్లారేదాకా వాచీ చూసుకుంటూ కూర్చుంటాడు. అంతే పని.

"కూకోడానికి కూడా జీతమేటి?" అని శ్రీరాములు మొదట్లో పైకే అనేవాడు. ఇంజనీరు మాథుర్ ఆ మాటకి నవ్వడం మానేశాక లోపలే అనుకోసాగాడు.

మాథుర్‌కి నోయల్ అంటే మహా ముచ్చట. శ్రీరాముల్ని "శ్రీరాములూ, ఇధర్ ఆవో" అని కేకేసేవాడు. అతన్ని మాత్రం "నోయల్ జీ" అని పిలిచేవాడు. ఆ "జీ" శ్రీరాములు చెవిలో పడ్డప్పుడల్లా కంట్లో ఇసుక పడ్డట్టుండేది. ఇంత అసూయ తనలో ఉందని ఆయనకి నలభై ఆరేళ్ళ దాకా తెలియదు. తెలిశాక సిగ్గుపడ్డాడు కూడా. కానీ సిగ్గు సాయంత్రానికి పోయేది, అసూయ మర్నాటికి కూడా ఉండేది.

ఇంట్లోనైనా తెరిపి ఉందా? భార్య హైమవతికి షుగరు. స్తుతి ఆదివారం చర్చి నుంచి వస్తూ దారిలో ఆగి, వేలు గుచ్చి షుగరు చూసి వెళ్ళేది. అందుకు బదులుగా హైమవతి గోంగూర పచ్చడి సీసాలో పెట్టి పంపేది. "ఆ పిల్లాడు ఎంత నెమ్మదస్తుడండీ! మీరు మొదటి ముద్ద దిగకముందే కంచం తోసేసి, పనికాడికి పరిగెడతారు. ఆ నోయల్‌ని సూసి నేరుసుకోండి" అనేది. శ్రీరాములు గోంగూరలో ఉప్పెక్కువైందని మాత్రం అనేవాడు.

ప్లాస్టిక్ అతుక్కి ఎక్స్‌రే లేదు. ఉండి లాభం కూడా లేదు. లోపల మురికి చేరి సరిగ్గా అంటుకోని అతుకు కూడా పైకి నిక్షేపంలా ఉంటుంది. గాలి నింపి పరీక్షిస్తే నిలబడుతుంది. మట్టి కప్పేశాక, ఏడాదికో మూడేళ్ళకో, ఏ లారీ బరువుకో ఊడుతుంది. అప్పుడు గ్యాసు మట్టిలోంచి పాకి ఎవరి నేలమాళిగలోకి వెళుతుందో దేవుడికెరుక. అందుకని అతికినవాడు తన నంబరు, తేదీ, వేళ గొట్టం మీద మార్కరుతో రాయాలి. లైనులోకి గ్యాసు వదిలేముందు ఒక జాయింటు కోసి, చీల్చి చూడాలి. ఏది కొయ్యాలో ఎంచే అధికారం క్వాలిటీ సూపర్‌వైజరుది.

శ్రీరాములు చేతికి అందిన ఆయుధం అదొక్కటే. ఆయన దాన్ని తీరికగా వాడాడు. పదకొండు లైన్లకి పదకొండు సార్లు ఎంచాడు, పదకొండు సార్లూ జె-9 ఎంచాడు. జె-9 అంటే నోయల్. పదకొండుసార్లూ అతుకు చీలమన్నా చీలలేదు. పట్టకారుతో లాగితే జామకాయ కొరికినట్టు ముక్కలై, పీచులై తెగింది తప్ప అతికిన చోట విడలేదు. తక్కిన జాయింటర్లు దీన్ని చూసి నవ్వుకునేవాళ్ళు. శ్రీరాములు ఉన్నంతకాలం మన జాయింట్లకి భయం లేదు భయ్యా అని ధైర్యంగా ఉండేవాళ్ళు. నోయల్ మాత్రం ప్రతిసారీ కోసిన ముక్క చేతిలోకి తీసుకుని, "మంచిదండి అన్నయ్యగారూ, నాకూ అనుమానం తీరిపోయింది" అనేవాడు. ఆ వినయం శ్రీరాముల్ని ఇంకా మండించేది.

ఇలా ఉండగా రెండువేల ఏడు డిసెంబరు వచ్చింది. చలికి శ్రీరాములు అరచేతులు బీటలు వారాయి. ఆ పొద్దున ఆయన బయల్దేరుతుంటే హైమవతి గుమ్మంలో ఆపింది.

"మీ సేతులు సూడండి, ఎండిన సెరువులాగున్నాయి" అని రెండు అరచేతులకీ వేళ్ళకీ వాజలైను దట్టంగా పులిమింది.

ఆ రోజు పని ఇందిరాపురంలో ఒక పెద్ద అపార్టుమెంటు గేటు ముందు. నడుంలోతు గొయ్యి. గొయ్యి గట్టున ఇస్త్రీవాడి బల్ల, లోపల మూడు టవర్లు, రెండొందల పైచిలుకు వంటిళ్ళు. నలభై ఒకటో జాయింటు వేయాలి. నోయల్ గొట్టం కొసలు రెండూ గీకి, తుడిచి, శుభ్రమైన పాలిథిన్ కవరు కప్పుతుండగా మాథుర్ పైనుంచి కేకేశాడు. ఢిల్లీ నుంచి పెద్ద ఆఫీసర్లు వచ్చారట, మెషీను ఎలా పనిచేస్తుందో నోయల్ జీ చెప్పాలట.

"అన్నయ్యగారండీ, అయిదు నిమిషాల్లో వచ్చేస్తాను. ఎవరూ ముట్టుకోకుండా కాస్త చూస్తారా?" అని నోయల్ పైకెక్కాడు.

శ్రీరాములు గోతిలో మిగిలిపోయాడు. తలెత్తితే సూట్లు వేసుకున్న నలుగురి మధ్య నోయల్ కనబడుతున్నాడు. వాళ్ళు తలలూపుతున్నారు. ఒకాయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. పద్దెనిమిదేళ్ళలో తన భుజం మీద ఏ ఆఫీసరూ చెయ్యి వేయలేదని శ్రీరాములుకి అప్పుడే గుర్తుకు రావాలా? వచ్చింది. ఎంత బాగా గీకాడో చూద్దాం, ఎక్కడో ఒకచోట పాత పొర మిగిలిపోయి ఉంటుంది, తొందరలో ఉన్నాడు కదా అనుకున్నాడు. కవరు ముడి విప్పి గొట్టం చుట్టూ చూశాడు. ఒక్క చోటా మిగల్లేదు. కొత్త గొట్టం పూత పూసినట్టు మెరుస్తోంది.

చెయ్యి దానంతటదే వెళ్ళింది. గ్లవుజు తీసి, అరచేత్తో, కొస నుంచి వెనక్కి ఒక్కసారి నిమిరాడు.

నిమిరాక తెలిసింది. తన చేతికి వాజలైను ఉంది. గీకిన గొట్టాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దని, చెమట తగిలినా అతుకు పట్టదని ఆరు రోజుల క్లాసులో మొదటి రోజే చెప్పారు. చెమటకే అలాగైతే వాజలైనుకి వేరే చెప్పాలా? స్పిరిటు గుడ్డ నోయల్ సంచిలో ఉంది, సంచి పైన ఉంది. పైకి కేకేసి గుడ్డ అడగాలి. ఆఫీసర్ల ముందు, మాథుర్ ముందు, నోయల్ ముందు, "నాను ముట్టుకున్నాను" అని చెప్పాలి. శ్రీరాములు కవరు కప్పి ముడివేశాడు.

నోయల్ దిగి వచ్చి కవరు చూశాడు. కట్టింది కట్టినట్టే ఉంది. పక్కన కాపలా ఉన్నది సాక్షాత్తూ క్వాలిటీ సూపర్‌వైజరు. ఇక మళ్ళీ తుడవలేదు. కొసల్ని తొడుగులోకి దూర్చి మీట నొక్కాడు. చల్లారాక మార్కరుతో దాని మీద జె-9 అని రాశాడు.

గాలి పరీక్షలో లైను నిలబడింది. కొయ్యడానికి జాయింటు ఎంచే రోజు వచ్చింది. అందరూ అలవాటుగా నోయల్ వైపు చూశారు. శ్రీరాములు కాగితం మీంచి తల ఎత్తకుండా "ముప్ఫై రెండు" అన్నాడు. అది ఇంకెవరిదో. కోశారు, బాగానే ఉంది. సోమవారం గ్యాసు వదలాలని మాథుర్ రాసుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం నోయల్, స్తుతి ఇద్దరూ కేకు పట్టుకుని వచ్చారు. క్రిస్మస్ ఇంకా వారం ఉంది.

"ముందే తెచ్చేశావేటి బాబూ?" అంది హైమవతి.

"ఇది పండక్కి కాదండి, అన్నయ్యగారికి" అన్నాడు నోయల్. "పదకొండు సార్లు నాదే కోశారు. నేనేమీ అనుకోలేదండి, మీ దగ్గర పాసైతే ఎక్కడైనా పాసైనట్టే. మొన్న నాది వదిలేశారు చూడండి, ఆ రోజు ఇంటికెళ్ళి స్తుతితో చెప్పాను, ఈయన నన్ను నమ్మారు అని."

స్తుతి హైమవతి వైపు తిరిగి, "నోయిడా ట్రైనింగు సెంటర్లో కొత్తవాళ్ళకి నేర్పే పోస్టుకి ఈయన పేరు పంపించారాంటీ. ఒక్క జాయింటూ ఫెయిలవ్వకూడదంట. అన్నిటికీ అంకుల్ సంతకమే ఉంది" అంది సంతోషంగా.

హైమవతి మెటికలు విరిచింది. శ్రీరాములు కేకు నోట్లో పెట్టుకున్నాడు. జీడిపప్పు, ఎండుద్రాక్ష, ఏదీ రుచి తెలియలేదు. ముప్ఫై రెండేళ్ళకి గురువుగారట! తను పద్దెనిమిదేళ్ళు నిప్పులో నిలబడితే నేర్పమని ఎవడూ అడగలేదు.

వాళ్ళు వెళ్ళాక కిటికీ దగ్గర కూర్చున్నాడు. నోరు మూసుకుంటే నోయల్ పైకి వెళతాడు, భూమి కింద ఆ జాయింటు ఉంటుంది, దాని మీద బతికే రెండొందల వంటిళ్ళు ఉంటాయి. శ్రీరాములు అసూయపరుడే గాని దుర్మార్గుడు కాదు. నిజం చెబితే తన పరువు గంగలో కలుస్తుంది. అప్పుడు మూడో దారి తోచింది. రేపు గ్యాసు వదిలేముందు ఆ జాయింటు కోయిస్తే? అది విడిపోతుంది. జనానికి ప్రమాదం తప్పుతుంది. తన చెయ్యి సంగతి ఎవరికీ తెలియదు. జె-9 ఫెయిలవుతుంది. పాము చావాలి, కర్ర విరగకూడదు. చాలా రోజుల తరువాత ఆ రాత్రి ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

పొద్దున్నే, పూడ్చేసిన గోతి గట్టున నిలబడి, "నలభై ఒకటి తవ్వండి. నాకు డౌటుగా ఉన్నాది" అన్నాడు.

మాథుర్ విసుక్కున్నాడు. నోయల్ ముఖం ఒక్క క్షణం వాడిపోయింది, అయినా తనే గడ్డపార అందించాడు. తవ్వి, కోసి, ఇస్త్రీవాడి బల్ల అడిగి తీసుకుని దాని మీద పెట్టారు. తొడుగుని నిలువునా రెండుగా కోసి, సందులో ఉలి పెట్టి తెరిచారు. ఒక పక్క మామూలుగానే పీచులై, తెల్లగా చిరుగుతూ వచ్చింది. రెండో పక్క చప్పుడు లేకుండా, అరటిపండు తొక్క వలిచినట్టు విడిపోయింది. విడిన చోట గొట్టం నున్నగా మెరుస్తోంది. ఆ నునుపు నాలుగు చారలుగా ఉంది.

నాలుగు వేళ్ళ చారలు. మూడు పొడుగు, ఒకటి పొట్టి.

మాథుర్‌కి ఆ చారలు కనబడలేదు, నున్నగా విడిపోవడమే కనబడింది. అతని ముఖం జేవురించింది. "నోయల్ జీ, యే క్యా హై?" అన్నాడు.

నోయల్ ముక్కని చేతిలోకి తీసుకున్నాడు. ఆ పొట్టి చార మీద తన బొటనవేలు పెట్టి కాసేపు చూశాడు. తరువాత తల కొంచెం తిప్పి, శ్రీరాములు కుడిచేతి వైపు చూశాడు. శ్రీరాములు చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. ఆలస్యమైపోయింది.

ఇప్పుడు చెప్పేస్తాడు అనుకున్నాడు శ్రీరాములు. నోయల్ మాథుర్ వైపు తిరిగాడు.

"గల్తీ మేరీ హై, సర్. తప్పు నాదే. నేను పైకొచ్చి దిగాక మళ్ళీ తుడవాలి. తుడవలేదు. జాయింటు మీద నంబరు నాది" అన్నాడు. జేబులోంచి జాయింటరు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

శ్రీరాములు కోరుకున్నది సరిగ్గా ఇదే. కార్డు బల్ల మీద ఉంది. నోయిడా పోయింది. పన్నెండోసారికి జె-9 ఓడింది. సంతోషం రావాలి. దాని బదులు ఇన్నాళ్ళూ లేనంత మంట గుండెల్లోంచి లేచింది. గీకడంలో వీడే ఫస్టు, మాట తీరులో వీడే ఫస్టు, ఇంట్లో పెళ్ళాం నోట్లోనూ వీడే ఫస్టు. ఆఖరికి తప్పు నెత్తిన వేసుకోవడంలో కూడా వీడేనా? నా తప్పు! నా చెయ్యి! అది కూడా వీడు పట్టుకుపోతాడా?

"ఆగు" అని అరిచాడు. ఇస్త్రీవాడు ఉలిక్కిపడ్డాడు. "అది నీదేటి నీదనడానికి? ఆ వేలు సూడు, అది ఎవుడిది? నీకు అంత పొట్టి వేలు ఉన్నాదా?"

కుడిచెయ్యి చాచి మాథుర్ ముక్కు ముందు పెట్టాడు. తెలుగూ హిందీ కలిపి, వాజలైనూ కవరు ముడీ కలిపి, మొత్తం చెప్పేశాడు. ముప్ఫై రెండు ఎందుకు ఎంచాడో చెప్పాడు. ఈ పొద్దున నలభై ఒకటి ఎందుకు తవ్వించాడో అదీ చెప్పాడు. ఆ ఒక్కటి చెప్పక్కర్లేదు, ఎవరూ అడగలేదు కూడా. చెప్తున్నప్పుడు నోయల్ ముఖం చూడలేకపోయాడు. చివరికి నోయల్ జేబులోని మార్కరు లాక్కుని, ముక్క మీద జె-9 కొట్టేసి, పక్కన డబ్ల్యు-17 అని రాశాడు. సూపర్‌వైజరయ్యాక ఆయన మొదటిసారి రాసిన నంబరు. ఆయన బతుకులో ఫెయిలైన మొదటి అతుకు మీద పడింది.

సూపర్‌వైజరు పని ఆ రోజే పోయింది. లైను మూడు రోజులు ఆగింది, కొత్త తొడుగు వేశాకే గ్యాసు వదిలారు. హైమవతి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "ఆ వాజలైను నానే రాసినాను కదా" అని తనే ఏడ్చింది. శ్రీరాములుని పంపెయ్యాలనే కంపెనీవాళ్ళు అనుకున్నారు. నోయల్ మాథుర్‌తో ఏం మాట్లాడాడో తెలియదు. జాయింటరుగా మళ్ళీ మొదట్నుంచి నేర్చుకుంటే ఉండనిస్తామన్నారు. నేర్పేవాడు నోయిడాలో నోయల్. ఆరు వారాలు శ్రీరాములు ముందు వరస బెంచీలో కూర్చున్నాడు. నోయల్ ఆ పదకొండు సార్ల మాట గానీ, పన్నెండోసారి మాట గానీ ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తితే బాగుండుననిపించేది శ్రీరాములుకి.

వేసవిలో ఆయన మొదటి లైను పూర్తిచేశాడు. కొయ్యడానికి జాయింటు ఎంచమని నోయిడా నుంచి నోయల్‌ని పిలిపించారు. నలుగురు జాయింటర్లు వేసినవి మొత్తం అరవై జాయింట్లు ఉన్నాయి. నోయల్ కాగితం వైపు చూడనే లేదు.

"మీదేనండి అన్నయ్యగారూ" అన్నాడు.

"కొయ్యి బాబూ" అన్నాడు శ్రీరాములు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని.

లాగితే పీచులై తెగింది. ఎక్కడా నునుపు లేదు.

ఆ ముక్క ఇంటికి తెచ్చుకున్నాడు. రేకు పెట్టెలో ఫిల్ముల మీద పెట్టబోయి, అలవాటు చొప్పున కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. హైమవతి వెనక నుంచి వచ్చి తనూ తొంగి చూసింది.

"ఏటి కనబడతాది?"

"ఏటీ కనబడదే" అన్నాడు శ్రీరాములు. "ఎలుతురు అటు నుంచి ఇటు రాదు. సేసినోడు ఏం సేసినాడో, సేసినోడికే తెలియాల."